జారే గాజు మీద ముళ్ళపంది

నవంబర్ 4, సోమవారం

ఈ ఉదయం ఆఫీసు లిఫ్ట్‌లో అంటించిన మా ముళ్ళపంది పుస్తకం కొత్త పోస్టర్ చూశాను. ముళ్ళపంది కళ్ళజోడుకి ఎడమ అద్దం కుడి అద్దం కంటే కాస్త పెద్దది. నాలుగో అంతస్తు వచ్చేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఆ అద్దం ఎందుకు పెద్దదయిందో నాకు తెలుసు. మార్చిలో దాన్ని ప్రూఫ్ మార్జిన్‌లో గీస్తుంటే ఎవరో నా టేబుల్‌కి తగిలారు. పెన్సిల్ జారింది. అంటే బొమ్మలక్క నా బొమ్మని నా పొరపాటుతో సహా ఎత్తేసింది.

పిల్లల పుస్తకాల ఆఫీసులో ప్రూఫ్‌రీడర్‌ని నేను. అక్షరదోషాలు దిద్దడం నా పని. ఆ కథలో ముళ్ళపంది బడికి వెళ్తుంది. కళ్ళజోడు ఉందని కథ రాసినాయన ఎక్కడా రాయలేదు. నేను పెట్టాను. దిద్దుతూ దిద్దుతూ మార్జిన్ల నిండా పదకొండు బొమ్మలు గీశాను. దిద్దిన ప్రూఫ్ నా టేబుల్ మీంచి బొమ్మలక్క టేబుల్‌కి వెళ్తుంది. ఆమె ఇరవై ఏళ్ళుగా ఇక్కడ బొమ్మలు వేస్తోంది. వయసులో పెద్దవాడయిన ఎడిటర్ గారు కూడా ఆమెను బొమ్మలక్క అనే పిలుస్తారు.

పుస్తకం వచ్చింది. అందరికీ నచ్చింది. ముళ్ళపందికి ఆ కళ్ళజోడే అందమన్నారు. లోపలి పేజీలో 'బొమ్మలు' అన్న చోట ఆమె పేరు ఒక్కటే ఉంది.

పైగా అప్పట్లో నా టేబుల్ దగ్గర ఆగి, మార్జిన్‌లో గీతలెందుకమ్మా, ప్రెస్ వాళ్ళు కంగారు పడతారు, గీయాలనిపిస్తే వేరే కాగితం తీసుకోరాదూ అంది. నవ్వుతూనే అంది. నేను సారీ చెప్పాను. కాన్వెంట్‌లో పదేళ్ళు చదివినందుకు నాకు మిగిలింది గుండ్రటి చేతిరాత, ఈ సారీ. కుర్చీ తగిలినా కుర్చీకి చెప్తాను.

ఆమెకు మాత్రం ఇక చెప్పను.


నవంబర్ 5

మీటింగ్. ముళ్ళపంది రెండో పుస్తకం వస్తోంది. ఈసారి ఎవరైనా శాంపిల్ బొమ్మలు ఇవ్వొచ్చని ఎడిటర్ గారన్నారు. ఈ నెల ఇరవై ఎనిమిది లోపు. కాగితం మీద గీసినవి తెచ్చి నా ప్రాణం తీయకండి, లేయర్లతో ఫైల్ కావాలి అన్నారు. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన ట్రేసింగ్ కాగితాల్లాంటివి. కంప్యూటర్‌లోనే ఉంటాయి.

ఎవరైనా అన్నారే గాని అందరి చూపూ బొమ్మలక్క మీదే. ఆమె టీలో ముంచిన బిస్కెట్ విరిగి కప్పులో పడింది. దీనికి కూడా ఓ లేయర్ కావాలి అంది. అందరూ నవ్వారు.

నావైపు ఎవరూ చూడలేదు.

నేను కూడా ఇస్తాను. నా పేరు ఆ పుస్తకం అట్ట మీద ఉంటుంది. ముందు టాబ్లెట్ కొనాలి. బొమ్మలు గీసే టాబ్లెట్.


నవంబర్ 6, రాత్రి భోజనం ముందు

నేను, పిన్ని ఉంటాం ఇంట్లో. ముందు గదే పిన్ని టైలరింగ్ షాపు. మిషన్ పక్కన కూర్చుని రివ్యూలు చూశాను. టాబ్లెట్లు మూడు రకాలు. ఒకటి నల్లటి పలక. దాని మీద గీస్తే బొమ్మ కంప్యూటర్‌లో కనిపిస్తుంది. చెయ్యి ఒకచోట, కళ్ళు ఇంకోచోట. రెండోదానికి తెర ఉంటుంది గాని కంప్యూటర్‌కి కట్టేసి ఉంచాలి, కదలదు. బొమ్మలక్క దగ్గరున్నది అదే. మూడోది దేనితోనూ పని లేకుండా ఒళ్ళో పెట్టుకుని గీసేది.

పిన్ని ఓ అరగంట విని, ఈ చూడ్డాలతో తేలదే అంది. మిషన్ కొనేముందు నేను నా గుడ్డ పట్టుకెళ్ళి నా చేత్తో కుట్టి చూస్తాను, షాపు వాడి గుడ్డ మీద ప్రతి మిషనూ బాగానే కుడుతుంది అంది.

తర్వాత నోట్లో గుండుసూదులు ఉండగానే, ఇంతకీ ఎవరి మీదే ఈ కసి అనడిగింది. ఎవరి మీదా లేదన్నాను. అబ్బో, ఆ ముఖం చూస్తే తెలుస్తోందిలే, కత్తెర కావాలంటే అడుగు, పెద్దది ఇస్తాను అంది.


నవంబర్ 7

పెన్నుకి చార్జింగ్ పెట్టాలట. పెన్నుకి!


నవంబర్ 8

పదిహేడు రివ్యూలు చూశాను. పదిహేడు మంది పదిహేడు మాటలు చెప్పారు. వీటి సంగతి నిజంగా తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు.

లంచ్‌లో వెళ్ళి అడిగాను. మా పిన్ని డ్రెస్ డిజైన్లు గీసుకోవడానికి టాబ్లెట్ కావాలి, ఏది మంచిదక్కా అని. అబద్ధం అంత సాఫీగా వస్తుందని నాకు తెలియదు. కాన్వెంట్‌లో అయితే దీనికి ఒక పూట మోకాళ్ళ మీద నిలబెట్టేవారు.

బొమ్మలక్కకి ఎంత సంతోషమో. పాత ప్రూఫ్ వెనక లిస్టు రాయడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, ఇదంతా కాదు, రేపు నేనే వస్తాను పద అంది. నీ ముఖం చూస్తే చాలు, షాపు వాళ్ళు నీకు రెండు టాబ్లెట్లు అంటగట్టి కవర్ నువ్వే కుట్టించుకోమంటారు అంది.

తన మీదికి దూసే కత్తికి తనే పదును పెడుతుంది. పెట్టనీ.


నవంబర్ 9, శనివారం, సాయంత్రం 5

షాపులో పొడుగు బల్ల మీద నాలుగు టాబ్లెట్లు తీగలతో కట్టేసి ఉన్నాయి. ప్రతి దాని మీదా ఎవరెవరివో సంతకాలు, పువ్వులు, ఒక బూతు. షాపు అమ్మాయి బూతుని గబుక్కున చెరిపేసింది.

నేను పెన్ను తీసుకుని నా పేరు రాయబోయాను. బొమ్మలక్క ఆపింది. అందరూ చేసే తప్పు ఇదే అంది. పేరు వేగంగా రాస్తాం, వేగంగా గీస్తే ప్రతి టాబ్లెట్టూ బుద్ధిమంతురాలే, ఏటవాలుగా నత్తలా గీయి, దాని బండారం బయటపడుతుంది అంది. గీశాను. మొదటి దాంట్లో గీత మెట్లు మెట్లుగా వచ్చింది. చూశావా, దొంగ దొరికింది అంది. ఆ మాట ఆమె నోట వినడం బాగుంది.

పెన్ను మొన ఒకచోట ఉంటే గీత జానెడు దూరంలో పుట్టకూడదు. మెల్లగా నొక్కితే సన్నగా, గట్టిగా నొక్కితే లావుగా రావాలి. అరచెయ్యి తెరకి ఆనితే మచ్చలు పడకూడదు. ఒక్కొక్కటీ చేసి చూపించింది.

రెండో టాబ్లెట్ తెర గరుకుగా ఉంది. పెన్ను ఆనితే కాగితం మీద పెన్సిల్ చప్పుడు వచ్చింది. నా చెయ్యి దాన్ని వదల్లేదు. గీసిందేమిటో చూసుకునేలోపే ముళ్ళపంది వీపు. గబుక్కున చెరిపేశాను. మూడోది నున్నటి గాజు. మెరుస్తుంది. పెన్ను దాని మీద స్కేటింగ్ చేసింది.

అప్పుడు బొమ్మలక్క ఆ గాజు దాని మీద తనూ ఓ గీత గీసింది.

గీత వణికింది. రంపం పళ్ళలా. షాపు అమ్మాయి కంగారుపడి, సారీ మేడమ్, ఈ పీస్ ప్రాబ్లమ్ అనుకుంటా అంది. బొమ్మలక్క నవ్వి, పీస్ కాదు తల్లీ, చెయ్యి అంది. సెట్టింగ్స్ తెరిచి స్టెబిలైజర్ అన్నదాన్ని ఎనభైకి జరిపింది. మళ్ళీ గీసింది. గీత పట్టుదారంలా వచ్చింది. చెయ్యి వణికినా గీతను సరిచేసిపెట్టే సెట్టింగ్ అది.

ఆరేళ్ళయిందిట. పెద్ద జబ్బేం కాదుట, వణుకుతుంది, అంతే. ఈ బటన్ పుణ్యమా అని లాక్కొస్తున్నాను, ఎడిటర్ గారికి చెప్పకే అంది. చెప్పకమ్మా అనలేదు. చెప్పకే అంది.

చెప్పనన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. వణికే చేతిని చూస్తే జాలి కలగాలి. కాసేపు వెతికాను. దొరకలేదు. ఇలాంటి చెయ్యి కొత్త బొమ్మను కనిపెట్టలేదు కాబట్టే నా బొమ్మ మీద బొమ్మ దిద్దిందన్నది ఒక్కటే దొరికింది.


నవంబర్ 11, సోమవారం

ఎడిటర్ గారు కొత్త మాట చెప్పారు. ఇరవై మూడున పిల్లల లైబ్రరీలో ముళ్ళపంది కథ చదువుతారట. బొమ్మలక్క పిల్లల ముందే బొమ్మ గీయాలట. ప్రొజెక్టర్‌లో గోడంతా కనిపించాలట.

బొమ్మలక్క చేతులు టేబుల్ కిందికి వెళ్ళిపోయాయి. నా మిషన్ కదలదు కదండీ, కంప్యూటర్‌కి కట్టేసి ఉంటుంది అంది. అయితే చార్ట్ మీద స్కెచ్ పెన్నుతో గీసెయ్యండి, మీకో లెక్కా అన్నారు ఆయన.

మీటింగుల్లో నేను మాట్లాడను. రెండేళ్ళలో ఒక్కసారి మాట్లాడాను, ఫ్యాన్ స్పీడు తగ్గించమని. ఈ రోజు చెయ్యెత్తి, నేను టాబ్లెట్ కొంటున్నాను, అది ప్రొజెక్టర్‌కి తగిలించొచ్చు, తెస్తాను అన్నాను. అందరూ తిరిగారు. ఈ అమ్మాయికి గొంతుందే అన్నారు ఎడిటర్ గారు.

బొమ్మలక్క నన్ను చూసిన చూపు రాయాలి. నీళ్ళలో పడ్డవాళ్ళు తాడును అలా చూస్తారు.


నవంబర్ 12

ఆ సెట్టింగ్ సున్నా నుంచి వంద దాకా ఉంటుంది.


నవంబర్ 16, శనివారం

కొన్నాను.

షాపు అమ్మాయి నన్ను గుర్తుపట్టి గరుకు తెర దాన్నే ముందుకు జరిపింది. మీ చేతికి ఇదే బాగుంది మేడమ్, ఆ రోజు చూశాను కదా అంది. దీన్ని ప్రొజెక్టర్‌కి కలపొచ్చా అనడిగాను. ఓ చిన్న ముక్క విడిగా కొంటే కలపొచ్చంది. అక్కర్లేదు, గాజుదే ఇవ్వమన్నాను. దాన్ని తిన్నగా తగిలించొచ్చు అన్నాను.

నిజం ఇక్కడయినా రాసుకోవాలి. గరుకు తెర చేతిని పట్టుకుంటుంది, వణుకును కొంత మింగేస్తుంది. గాజు ఏదీ మింగదు. వణుకు ఎంతుంటే అంతా పైకి చూపిస్తుంది. అందుకే కొన్నాను. నా కోసం కాదు, ఆమె చేతి కోసం.

పిన్ని వేలితో రాసి చూసింది. శాటిన్ లాంటిదే ఇది అంది. చూడ్డానికి బాగుంటుంది గాని కుట్టేవాళ్ళ ఉసురు పోసుకుంటుంది, నీకు నచ్చింది ఇదేనా అంది. ఇదే అన్నాను. పిన్ని తన పనిలో పడింది. మిషన్ తొక్కుతూ నా వైపు రెండుసార్లు చూసింది.


నవంబర్ 19

పద్నాలుగు ముళ్ళపందులు గీశాను. అన్నీ జారిపోయాయి. ముల్లు గీయబోతే గీత ఆగాల్సిన చోట ఆగదు, పక్కకి సాగుతుంది. ఇదేమిటే, పార్లర్ నుంచి వస్తున్నట్టుంది అంది పిన్ని. నిజమే. దువ్వినట్టుంది.

స్టెబిలైజర్ డెబ్భైకి పెట్టి చూశాను. గీత నున్నగా వచ్చింది. ఎవరిదో గీత. నాది కాదు.

షాపుకి ఫోన్ చేసి మార్చుకోవచ్చా అనడిగాను. బాక్స్ ఓపెన్ చేశాక కుదరదు మేడమ్ అంది ఆ అమ్మాయి. చెప్పాను కదా అనలేదు. గొంతులో వినిపించింది.

ఫర్వాలేదు. ముందు శనివారం కానీ.


నవంబర్ 22, శుక్రవారం

కష్టమైన పనేం కాదు. స్టెబిలైజర్ చుక్కను వేలితో ఎడమకు, చివరిదాకా జరపాలి. సెట్టింగ్స్ మెనూ తెర మీద కనిపించకుండా దాచడం కూడా నేర్చుకున్నాను.


నవంబర్ 23, శనివారం, సాయంత్రం

ఇప్పుడే ఇంటికి వచ్చాను. వరసగా రాయాలి.

లైబ్రరీలో చాపల మీద అరవై మంది పిల్లలు. వెనక కుర్చీల్లో వాళ్ళ అమ్మానాన్నలు. ఎడిటర్ గారు కథ చదివారు. నేను కేబుల్ తగిలించి, టాబ్లెట్ బొమ్మలక్క ముందు పెట్టాను. థాంక్యూ రా అని నా భుజం తట్టింది. నేను పక్కకి వచ్చి పుస్తకాల ర్యాక్‌కి ఆనుకుని నిలబడ్డాను. అంతా బాగా కనిపించే చోటు.

ఆమె పెన్ను ఆనించింది. ముళ్ళపంది వీపు మొదలుపెట్టింది. గోడ మీద గీత ఇంత లావున, తలుపంత ఎత్తున, గజగజ వణుకుతూ వచ్చింది.

ఆమె ఆగింది. మెనూ కోసం పైన చూసింది. లేదు. కింద చూసింది. లేదు. తర్వాత తలెత్తి నన్ను వెతికింది. నేను చూపు తిప్పుకోలేదు. ఎనిమిది నెలలుగా ఈ ఒక్క నిమిషం కోసమే బతికినట్టనిపించింది. వెనక కుర్చీల్లో ఎవరో దగ్గారు. ఎడిటర్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని గోడ వైపు చూశారు.

ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడింది. మేడమ్, దానికి చలేస్తోందా అనడిగింది.

బొమ్మలక్క గోడను చూసింది. చాలాసేపు చూసింది. అవును తల్లీ, బాగా చలేస్తోంది, పొద్దున్నే స్నానం చేయించారు వాళ్ళమ్మ, ఇప్పుడేం చేద్దాం అంది.

ఇక చూడాలి. స్వెటర్ అని ఒకడు. ముళ్ళకి స్వెటర్ ఎలా దూరుతుందిరా మొద్దూ అని ఇంకొకడు. మఫ్లర్, మఫ్లర్ అని అందరూ. ఆమె మఫ్లర్ గీసింది. అదీ వణికింది. పళ్ళు టకటకలాడుతున్నట్టు గీయమన్నారు, గీసింది. కప్పు పట్టుకున్న చెయ్యి గీసింది, టీ ఒలికిపోతోంది, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆమె కూడా నవ్వుతోంది. రెండు జడల పిల్ల మాత్రం నవ్వలేదు. గోడ దగ్గరకి వెళ్ళి ముళ్ళపంది పొట్ట మీద తన రెండు అరచేతులూ ఆనించింది. వెచ్చగా ఉండటానికట.

నేను ర్యాక్ దగ్గరే ఉన్నాను. కేబుల్ తీసేసింది కూడా నేనే.


నవంబర్ 25

బొమ్మలక్క నా టేబుల్ దగ్గరకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. తిడితే లెక్క సరిపోయేది.

సున్నా మీద పెట్టావు కదూ అంది. నేను ప్రూఫ్ పేజీ తిప్పాను. ఆరేళ్ళుగా నా గీతను నేను చూసుకోలేదు, దాక్కుంటూ తిరిగాను అంది. చూస్తే ఫర్వాలేదు, అంత ఘోరంగా లేదు అంది. తన చెయ్యి సంగతి ఎడిటర్ గారికి తనే చెప్పేసిందట.

థాంక్స్ అంది. చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది.


నవంబర్ 28, సాయంత్రం 4

శాంపిల్ ఇచ్చాను. పద్నాలుగింట్లో తొమ్మిదోది. కింద నా పేరు. పెద్ద అక్షరాల్లో.


డిసెంబర్ 2

రెండో పుస్తకం బొమ్మలక్కకే. ఆ వణికే గీతతోనే కావాలట. మొత్తం పుస్తకం చలికాలం కథగా మార్చడానికి రచయిత ఒప్పుకున్నారట.

ఎడిటర్ గారు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమంటేనే అర్థమయింది. నున్నగా ఉందమ్మా, చాలా నీట్‌గా ఉంది, కానీ ముళ్ళు గుచ్చుకోవడం లేదు అన్నారు.

సారీ అన్నాను.


డిసెంబర్ 3

బొమ్మలక్క లిఫ్ట్‌లో కలిసింది. ఇద్దరమే. శాంపిల్స్ అన్నీ చూశాను, మీ పిన్ని బాగా గీస్తుంది అంది. ముఖంలో నవ్వు లేదు. రెండో అంతస్తు దాటాక, గరుకు తెర దాన్ని ఎందుకు వదిలేశావే అంది, అది నీ చెయ్యి రా, నీ చేతి కోసం తయారుచేసినట్టుంది అది అంది.

తలుపు తెరుచుకుంది. ముందు ఆమె దిగింది. నేను దిగకుండా కిందికి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చాను. కోపం పోయిందేమోనని వెతుక్కున్నాను. ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.


డిసెంబర్ 17

రెండో పుస్తకం ప్రూఫ్ నా టేబుల్ మీదికి వచ్చింది. 'బొమ్మలు' అన్న చోట ఆమె పేరు ఒక్కటే ఉంది. అక్షరదోషం లేదు.

మొదటి పుస్తకం ఆఖరి ప్రూఫ్‌లో అక్కడ రెండు పేర్లు ఉండేవి. రెండోది నాది. కొట్టేస్తే ఎవరైనా మళ్ళీ పెడతారేమో చూద్దామని, ఎర్ర పెన్నుతో నేనే కొట్టేశాను.